కాల్షియం మాత్ర కొనే ముందు మీ పళ్లెంలో ఎంతుందో లెక్కేయండి

రక్త పరీక్షలో కాల్షియం 9.4 వచ్చి పక్కన నార్మల్ అని ఉంటే చాలామంది ఆ రిపోర్టు మడిచి లోపల పెట్టేసి, ఇక దాని గురించి ఆలోచించక్కర్లేదు అనుకుంటారు. ఇంకొందరు మోకాలు పట్టేసిందనో, గోళ్ల మీద తెల్ల మచ్చలు వచ్చాయనో ఎవర్నీ అడక్కుండా కాల్షియం సీసా తెచ్చుకుని పూటకొకటి మింగేస్తుంటారు. రెండూ సరికాదు. రక్తంలో అంకె బాగుందంటే ఎముకలు బాగున్నట్టు కాదు. గోటి మీద తెల్ల మచ్చకూ కాల్షియానికీ అసలు సంబంధమే లేదు, చాలాసార్లు అది గోరు మొదట్లో ఎప్పుడో తగిలిన చిన్న దెబ్బ గుర్తు మాత్రమే. మీకు మాత్ర కావాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి మొదట చూడాల్సింది మీరు రోజూ తినేదాని లెక్క. అదెలా కట్టాలో, తక్కువ పడితే తిండితో ఎలా పూడ్చుకోవాలో, మాత్రే వేసుకోవాల్సి వస్తే దాన్ని ఎలా వేసుకోవాలో చెప్తాను.

ముందు ఆ రక్తం రిపోర్టు సంగతి

పెద్దవాళ్ల ఒంట్లో కిలో నుంచి 1.2 కిలోల దాకా కాల్షియం ఉంటుంది. అందులో 99 శాతం ఎముకల్లో, పళ్లలో ఉంటుంది. మిగిలిన ఒక్క శాతమే రక్తంలో, కండరాల్లో, నరాల్లో తిరుగుతుంటుంది, కానీ మనిషి ఈ నిమిషం బతికి ఉండటానికి కావాల్సింది ఆ ఒక్క శాతమే. కండరం ముడుచుకోవాలన్నా, నరం కబురు అందించాలన్నా, గాయమైతే రక్తం గడ్డకట్టాలన్నా అది ఉండాలి. 1880ల్లో లండన్‌లో సిడ్నీ రింగర్ అనే డాక్టర్ కప్ప గుండెను ఉప్పు ద్రావణంలో ఉంచి చూస్తే అది చాలాసేపు చక్కగా కొట్టుకుంది. తీరా చూస్తే ఆ ద్రావణం కలిపింది డిస్టిల్డ్ వాటర్‌తో కాదు, కుళాయి నీళ్లతో. డిస్టిల్డ్ వాటర్‌తో కలిపినప్పుడు గుండె కాసేపట్లోనే ఆగిపోయింది. కుళాయి నీళ్లలో ఉన్న కొద్దిపాటి కాల్షియమే ఆ గుండెను ఆడించింది.

ఇప్పటికీ దీన్ని కళ్లారా చూడొచ్చు. మిషన్ మీద ప్లేట్‌లెట్లు దానం చేసేటప్పుడు, రక్తం ట్యూబుల్లో గడ్డకట్టకుండా సిట్రేట్ కలుపుతారు. ఆ సిట్రేట్ రక్తంలోని కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. అందులో కొంత తిరిగి దాత ఒంట్లోకి వెళ్తుంది కాబట్టి కొందరికి పెదాల చుట్టూ, వేళ్ల చివర చిమచిమలాడుతుంది, అప్పుడు నర్సు ఒక కాల్షియం మాత్ర నమలడానికి ఇస్తుంది. రక్తంలో కాల్షియం కాస్త తగ్గితేనే ఒళ్లు ఎంత త్వరగా కనిపెడుతుందో చూడండి.

అందుకే శరీరం రక్తంలో కాల్షియాన్ని పట్టుదలగా 8.5 నుంచి 10.5 మధ్య (డెసీలీటరుకు మిల్లీగ్రాముల్లో) నిలబెడుతుంది. మెడలో థైరాయిడ్ వెనకాల సాధారణంగా నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులుంటాయి, ఒక్కోటి దాదాపు గోధుమ గింజంత ఉంటుంది. కాల్షియం కొంచెం తగ్గిందంటే అవి పి.టి.హెచ్. హార్మోన్ వదులుతాయి. అది ఎముకల్లోంచి కాల్షియాన్ని లాగుతుంది, మూత్రంలో పోయేదాన్ని కిడ్నీల దగ్గర ఆపుతుంది, విటమిన్ డిని పనిచేసే రూపంలోకి మార్పించి పేగుల నుంచి ఇంకొంచెం పీల్చుకునేలా చేస్తుంది. అంటే మీరు ఏళ్ల తరబడి తక్కువ తిన్నా రిపోర్టులో అంకె నార్మల్‌గానే వస్తుంది, ఆ లోటు భర్తీ అయ్యేది మీ ఎముకల్లోంచి. ఇది అర్థమైతే మిగతా విషయమంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ఆ అంకె నిజంగా తగ్గినా, పెరిగినా అది వేరే కథ, మామూలుగా తిండి వల్ల జరగదు. తగ్గితే ముందు ఆల్బుమిన్ అనే రక్తంలోని ప్రొటీన్ చూడాలి, ఎందుకంటే రక్తంలో కాల్షియంలో దాదాపు 40 శాతం ఆ ప్రొటీన్‌కు అంటుకునే ఉంటుంది, ప్రొటీన్ తగ్గితే అసలు సమస్య లేకపోయినా మొత్తం అంకె తక్కువ కనిపిస్తుంది. 11 దాటితే కాల్షియం, విటమిన్ డి మాత్రలు వేసుకుంటున్న సంగతి డాక్టర్‌కు చెప్పి, పి.టి.హెచ్. పరీక్ష కావాలేమో అడగండి. పాలు మానేసి ఊరుకుంటే అసలు కారణం బయటపడదు.

మీకు రోజుకెంత కావాలి

అమెరికాలో 2010లో సవరించిన లెక్కలు ఇవి, చాలాచోట్ల వీటినే వాడతారు. 1 నుంచి 3 ఏళ్ల పిల్లలకు 700 మి.గ్రా., 4 నుంచి 8 ఏళ్ల వాళ్లకు 1000, 9 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 1300. 19 నుంచి 50 దాకా ఆడా మగా అందరికీ 1000. 51 దాటిన ఆడవాళ్లకు 1200, మగవాళ్లకు 70 వరకు 1000, ఆ తర్వాత 1200. బ్రిటన్‌లో పెద్దవాళ్లకు 700 చాలంటారు, యూరప్ ఆహార భద్రత సంస్థ 25 దాటినవాళ్లకు 950 అంటుంది. ఈ తేడాలు చూసి ఎవరిది కరెక్టు అని టెన్షన్ పడకండి. రోజూ 700 కంటే తక్కువ తింటుంటే ఎవరి లెక్క ప్రకారమైనా మీకు చాలదు, 1000 చుట్టుపక్కల ఉంటే పెద్దవాళ్లలో ఎక్కువమందికి సరిపోతుంది. నేను అందరికీ చెప్పేది ఆ రెండు అంకెలే.

లెక్క ఇలా కట్టండి

మామూలుగా మీరెలా తింటారో అలాంటి రోజుని తీసుకోండి, పండగ రోజో ఉపవాసం రోజో వద్దు. పాలు, పెరుగు, చీజ్ మాత్రం విడిగా రాయండి. మిగతా తిండి మొత్తానికీ, అంటే ధాన్యాలు, పప్పులు, కూరలు, పండ్లు అన్నిటికీ కలిపి గంపగుత్తగా 250 మి.గ్రా. వేసేయండి. ఎముకల క్లినిక్కుల్లో కూడా ఇలాంటి లెక్కే వాడతారు, ప్రతి కూర ముక్కనీ తూచుకుంటూ కూర్చుంటే రెండో రోజుకే విసుగొచ్చి మానేస్తారు.

ఆవు పాలలో 100 మి.లీ.కి దాదాపు 120 మి.గ్రా., పెరుగులో 100 గ్రాములకు ఇంచుమించు అంతే. చెడ్డార్ లాంటి గట్టి చీజ్‌లో 100 గ్రాములకు 700 వరకు ఉంటుంది కాబట్టి 20 గ్రాముల ముక్కకు 140. వెన్నలో, నెయ్యిలో చెప్పుకోదగ్గంత ఉండదు, కాల్షియం పాలలోని నీటి భాగంతో, ప్రొటీన్‌తో ఉండిపోతుంది, కొవ్వుతో పైకి రాదు. అందుకే వెన్న తీసిన పాలలో కాల్షియం తగ్గదు. పాలు కాస్తే కాల్షియం పోతుందన్న మాట కూడా వింటుంటాం. అది ఖనిజం, వేడికి నాశనం కాదు.

ఉదాహరణకు 30 ఏళ్ల మనిషి. రోజు మొత్తంలో టీ, కాఫీల్లో కలిపి 100 మి.లీ. పాలు, అంటే 120. ఒక కప్పు పెరుగు, 150 గ్రాములనుకుందాం, 180. మిగతా తిండికి 250. మొత్తం 550. కావాల్సింది 1000, తక్కువ పడింది 450. ఇప్పుడు ఆ మనిషి పడుకునే ముందు 250 మి.లీ. పాలు తాగితే 300 చేరి 850 అవుతుంది. ఇంకో కప్పు పెరుగు వేసుకుంటే 1000 దాటేసింది. రెండే మార్పులు, మాత్ర అవసరమే రాలేదు. అదే మనిషి 500 మి.గ్రా. మాత్రలు రెండు పూటలా వేసుకుని ఉంటే 1550కి చేరేవాడు, అందులో 550 అనవసరం. లెక్క కట్టకుండా మాత్రలు మొదలుపెడితే జరిగేది ఇదే.

పాలు ముట్టనివాళ్ల లెక్క కొంచెం కష్టం, అబద్ధం ఎందుకు. గంపగుత్త 250 దగ్గర మొదలై 1000 దాకా పోవాలంటే ప్రతి పూటా ఏదో ఒకటి ఆలోచించి తినాలి. కాల్షియం కలిపిన సోయా పాలు దొరికితే సగం పని అయిపోయినట్టే, వాటిలో సాధారణంగా 100 మి.లీ.కి 120 మి.గ్రా. ఉండేలా కలుపుతారు. లేబుల్ చూసి కొనండి, కలపని రకాల్లో పెద్దగా ఉండదు. కలిపిన కాల్షియం అడుక్కి దిగిపోతుంది కాబట్టి డబ్బాని బాగా ఊపి పోసుకోండి. టోఫు (సోయా పనీర్) కొనేటప్పుడు దాన్ని కాల్షియం సల్ఫేట్‌తో గట్టిపరిచారా అని చూడండి, అలా చేసినదాన్లో కాల్షియం బాగా ఉంటుంది. ముల్లుతో సహా నమిలి తినగలిగే చిన్న చేపలు, డబ్బా సార్డీన్‌లు గొప్ప ఆధారం, 100 గ్రాములకు దాదాపు 380. ముల్లు తీసేసి తింటే మాత్రం ఆ లెక్క వర్తించదు, కాల్షియం ఉండేది ముల్లులోనే. ధాన్యాల్లో రాగులది వేరే స్థాయి, 100 గ్రాముల పిండికి 340 పైనే. బాదం 100 గ్రాములకు 260 అని చూసి సంబరపడతారు గానీ, రోజుకు పది గింజలు తింటే వచ్చేది 30 మాత్రమే.

పళ్లెంలో ఉన్నదంతా ఒంటికి పట్టదు

చాలా చార్టుల్లో రాయని సంగతి ఇది. పెద్దవాళ్ల పేగులు తిన్న కాల్షియంలో సగటున పావు వంతు నుంచి 30 శాతం వరకు పీల్చుకుంటాయి. పసిపిల్లల్లో ఇది 60 శాతం దాకా ఉంటుంది, వయసు పైబడేకొద్దీ తగ్గుతుంది. రోజుకు 1000 కావాలని చెప్పేటప్పుడే ఈ నష్టాన్ని కలుపుకున్నారు కాబట్టి దాన్ని మళ్లీ తీసేయక్కర్లేదు. కానీ కొన్ని పదార్థాల్లో ఆ సగటు కూడా రాదు.

పాలకూరనే తీసుకోండి. ఉడికించిన పాలకూర ఒక కప్పులో, అంటే 180 గ్రాముల్లో, దాదాపు 245 మి.గ్రా. కాల్షియం ఉంటుంది. చార్టులో చూస్తే పాలతో పోటీ పడుతున్నట్టే ఉంటుంది. కానీ అందులో ఆక్సలేట్ కూడా దండిగా ఉంది, అది కాల్షియాన్ని కరగని రూపంలో కట్టిపడేస్తుంది, ఒంటికి పట్టేది 5 శాతమే. అంటే 12 మి.గ్రా. ఒక గ్లాసు పాలలోని 300లో 32 శాతం లెక్కన 96 పడుతుంది. ఒక గ్లాసు పాలకు సరిపోవాలంటే ఎనిమిది కప్పుల పాలకూర తినాలి! పాలకూర మంచిది కాదని అనట్లేదు, ఫోలేట్ అనే విటమిన్ కోసం, పీచు కోసం తినండి, కాల్షియం ఖాతాలో మాత్రం రాసుకోకండి. తోటకూరలోనూ ఆక్సలేట్ ఎక్కువే. దీనికి పూర్తి విరుద్ధంగా ఆవాకు, కేల్, బ్రోకలీ, క్యాబేజీ జాతి ఆకుల్లో ఆక్సలేట్ చాలా తక్కువ, కేల్‌లోని కాల్షియం పాలకన్నా మెరుగ్గా 40 శాతం పైనే పడుతుందని కొలిచి చూపించారు. ఆకుకూరలతో కాల్షియం తెచ్చుకోవాలనుకునేవాళ్లు ఈ జాతివైపు చూడాలి.

నువ్వులు కూడా చాలామందిని మోసం చేసే అంకె. పొట్టుతో ఉన్న నువ్వుల్లో 100 గ్రాములకు 975 వరకు ఉంటుంది, అది విని ఇక పాలే అక్కర్లేదనుకుంటారు. అందులో ఎక్కువ భాగం పొట్టులోనే, అదీ చాలావరకు ఆక్సలేట్ రూపంలోనే ఉంటుంది. పొట్టు తీసిన తెల్ల నువ్వుల్లో కాల్షియం చాలా తక్కువ. తినండి, మంచివే, కాని రోజుకు ఒక చెంచాతో పని అయిపోతుందని అనుకోకండి. పప్పులు, గింజలు, ధాన్యాల్లో ఫైటేట్ అనే పదార్థం ఇలాగే అడ్డుపడుతుంది గానీ దాన్ని తగ్గించే దారి మన చేతిలోనే ఉంది. నానబెట్టడం, మొలకెత్తించడం, పిండి పులియబెట్టడం, మూడూ పనిచేస్తాయి.

పాలు తాగితే కడుపు ఉబ్బరం, విరేచనాలు వచ్చేవాళ్లు పాలను పూర్తిగా వదిలేయక్కర్లేదు. వాళ్లకు పడనిది లాక్టోజ్ అనే చక్కెర. పెరుగులో దాన్ని బ్యాక్టీరియా కొంత తినేస్తుంది, గట్టి చీజ్‌లో దాదాపు ఉండనే ఉండదు, లాక్టోజ్ తీసిన పాలలో కాల్షియం మామూలుగానే ఉంటుంది. పాల ప్రొటీన్‌కు అలర్జీ ఉన్నవాళ్లది వేరే సంగతి, వాళ్లు వీటిలో ఏదీ ముట్టకూడదు.

విటమిన్ డి, ఉప్పు, నడక

విటమిన్ డి లేకుండా ఎంత కాల్షియం తిన్నా పేగుల దగ్గర పెద్దగా లోపలికి వెళ్లదు. 70 ఏళ్ల వరకు రోజుకు 600 ఐ.యు. (విటమిన్ కొలిచే యూనిట్లు), ఆ పైన 800 కావాలి. తిండిలో ఇది ఉండేదే తక్కువ, కొవ్వు చేపలు, గుడ్డు పచ్చసొన, విడిగా కలిపిన పాలు, అంతే. మిగతాది ఒంటి మీద పడే ఎండ నుంచి తయారవుతుంది, కిటికీ అద్దం వెనక కూర్చుంటే మాత్రం తయారవదు, ఆ పని చేసే కిరణాల్ని అద్దం ఆపేస్తుంది. ఒళ్లంతా ఎముకల్లో నొప్పి, మెట్లెక్కుతుంటే తొడల్లో సత్తువ లేకపోవడం లాంటివి ఉంటే కాల్షియం సీసా కొనడం కన్నా ముందు విటమిన్ డి పరీక్ష గురించి డాక్టర్‌ని అడగండి. డి లోపం వల్ల ఎముక మెత్తబడే జబ్బులో ఇవే లక్షణాలు ఉంటాయి.

ఉప్పు గురించి ఎవరూ చెప్పరు. కిడ్నీలు సోడియాన్ని బయటికి పంపేటప్పుడు వెంట కాల్షియం కూడా పోతుంది, 6 గ్రాముల ఉప్పుకి సుమారు 40 మి.గ్రా. చిన్న అంకెలా కనిపిస్తుంది, కాని అది ఒంటికి పట్టిన కాల్షియంలోంచి పోతోంది, దాన్ని తిరిగి తెచ్చుకోవాలంటే దాదాపు 150 మి.గ్రా. తినాలి. ఉప్పు తగ్గించడం అంటే బీపీకి మాత్రమే అనుకుంటారు గానీ ఎముకకు కూడా అంతే అవసరం. కాఫీ గురించి మాత్రం కంగారు అక్కర్లేదు, కప్పుకు రెండు మూడు మిల్లీగ్రాములు పోతాయి, అందులో రెండు చెంచాల పాలు పోసుకుంటే చెల్లుకు చెల్లు. సిగరెట్లు, అతిగా మందు తాగడం ఎముకల్ని పాడుచేస్తాయి.

బరువు మోయని ఎముక కాల్షియాన్ని నిలుపుకోదు. అంతరిక్షంలో వ్యోమగాములు నెలకు 1 నుంచి 1.5 శాతం ఎముక కోల్పోతారు, అక్కడ వాళ్లకు తిండిలో లోటేమీ ఉండదు, కాళ్ల మీద బరువు పడకపోవడమే కారణం. నడక, మెట్లు ఎక్కడం, బరువులు ఎత్తడం ఎముకకు పనికొస్తాయి. ఈత గుండెకు మంచిదేగానీ ఎముకకు అంతగా అక్కరకు రాదు.

మాత్ర తప్పదంటే

లెక్క కట్టి చూసి, తిండి మార్చి చూసి, అప్పటికీ తక్కువ పడితే ఆ తక్కువ పడినంత వరకే మాత్రతో పూడ్చాలి. ఎముక విరగకుండా ముందు జాగ్రత్తగా అందరూ వేసుకోవాలన్న అభిప్రాయం బలంగా ఉంది గానీ, అమెరికాలో 2006లో వెలువడిన అధ్యయనం ఒకటి చూడండి. 36,282 మంది నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో కొందరికి రోజుకు 1000 మి.గ్రా. కాల్షియం, 400 ఐ.యు. విటమిన్ డి ఇచ్చి ఏడేళ్లు చూశారు. తుంటి ఎముక విరగడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, కిడ్నీ రాళ్లు మాత్రం 17 శాతం పెరిగాయి. ఆస్టియోపోరోసిస్‌కు, అంటే ఎముకలు గుల్లబారే జబ్బుకు మందు వాడుతున్నవాళ్ల సంగతి వేరు, ఆ మందు పనిచేయాలంటే కాల్షియం, డి సరిపడా ఉండాలి, వాళ్లు డాక్టర్ చెప్పినట్టు వేసుకోవాల్సిందే.

సీసా మీద మొదట చూడాల్సిన మాట ఎలిమెంటల్ కాల్షియం. కాల్షియం కార్బొనేట్ 1250 మి.గ్రా. అని పెద్దక్షరాల్లో ఉంటే అందులో అసలు కాల్షియం 500 మాత్రమే, కార్బొనేట్‌లో 40 శాతమే కాల్షియం. సిట్రేట్‌లో 21 శాతం, గ్లూకోనేట్‌లో 9. మన లెక్కలోకి వచ్చేది ఎలిమెంటల్ అంకె ఒక్కటే.

కార్బొనేట్ చవక, మాత్రలు తక్కువ మింగాలి, కానీ అది కరగడానికి కడుపులో యాసిడ్ కావాలి, అందుకే అన్నంతో పాటే వేసుకోవాలి, పరగడుపున వేసుకుంటే చాలా వృథా. ఓమెప్రజోల్, పాంటాప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు రోజూ వాడేవాళ్లకు యాసిడే తక్కువగా ఉంటుంది కాబట్టి సిట్రేట్ మేలు, దాన్ని తిండితోనైనా, లేకుండానైనా వేసుకోవచ్చు. ఏ రకమైనా ఒకసారికి 500 మించొద్దు, డోసు పెరిగేకొద్దీ ఒంటికి పట్టే శాతం పడిపోతుంది. 1000 రాస్తే పొద్దున సగం, రాత్రి సగం. కార్బొనేట్‌తో మలబద్ధకం, కడుపుబ్బరం ఎక్కువగా వస్తాయి, అలా వస్తే మాత్ర మానేయకుండా సిట్రేట్‌కు మార్చమని అడగండి. మాత్ర సరిగ్గా కరుగుతుందో లేదో అనుమానమైతే ఒకటి తీసి చిన్న గిన్నెలో వెనిగర్ పోసి అందులో వేసి, మధ్యమధ్యలో కదుపుతూ అరగంట చూడండి. అప్పటికీ రాయిలా ఉంటే కడుపులో కూడా సరిగ్గా కరగకపోవచ్చు, వేరే రకం తీసుకోండి. ఎముకల పొడి, డోలమైట్‌తో చేసినవి సహజమైనవని అమ్ముతారు, వాటిలో సీసం ఉండొచ్చు, వద్దు.

వేరే మందులతో ఇది పెట్టే పేచీ గురించి షాపులో చాలాసార్లు చెప్పరు కాబట్టి శ్రద్ధగా చదవండి. థైరాయిడ్ మాత్రకూ కాల్షియానికీ కనీసం 4 గంటల ఎడం ఉండాలి. పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకుని టిఫిన్‌తో కాల్షియం మింగేవాళ్లకు టి.ఎస్.హెచ్. (థైరాయిడ్ పరీక్షలో చూసే అంకె) ఎందుకు దిగట్లేదో అర్థం కాక డోసు పెంచుకుంటూ పోతుంటారు. వాళ్లు కాల్షియాన్ని మధ్యాహ్నం భోజనానికో, రాత్రికో మార్చుకుంటే చాలు. ఐరన్ మాత్రకు కనీసం 2 గంటల ఎడం. గర్భిణులకు ఈ రెండూ కలిపి రాస్తారు కాబట్టి ఒకటి మధ్యాహ్నం, ఒకటి రాత్రి అని విడగొట్టుకోండి. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు కాల్షియంతో అతుక్కుపోయి పనిచేయవు, ఆ నాలుగైదు రోజులూ కాల్షియం ఆపొచ్చా అని డాక్టర్‌నే అడగడం సులువు. ఎముకలకు వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్ పరగడుపున మంచినీళ్లతో వేసుకుని అరగంట దాకా ఏమీ తినకూడదు, ఆ పూట కాల్షియం తర్వాతి భోజనానికే. థయజైడ్ రకం బీపీ మాత్రలు కాల్షియాన్ని మూత్రంలో పోనివ్వవు, కాబట్టి అవి వాడేవాళ్లు సొంతంగా కాల్షియం, డి మొదలుపెడితే రక్తంలో అంకె పెరిగిపోవచ్చు.

గుండెకు ముప్పేమో అన్న భయం 2010లో ఒక విశ్లేషణతో మొదలైంది, మాత్రలు వేసుకునేవాళ్లలో గుండెపోటు పెరిగినట్టు అందులో వచ్చింది. తర్వాత వచ్చిన సమీక్షల్లో కొన్ని దాన్ని బలపరచలేదు, 2016లో అమెరికా నిపుణుల సంఘాలు తిండి, మాత్రలు కలిపి రోజుకు 2000 నుంచి 2500 దాటకపోతే గుండెకు హాని లేదన్నాయి. ఆ అంకెలే పైహద్దు కూడా, 50 లోపు పెద్దవాళ్లకు 2500, ఆ పైన 2000. గుండెమంటకు నమిలే మాత్రల్లో కొన్నిటిలో కాల్షియం కార్బొనేటే ఉంటుంది, అదీ లెక్కలోకి వస్తుంది.

కిడ్నీ రాళ్లున్నవాళ్లు పాలు మానేయాలా

అక్కర్లేదు, పైగా మానేస్తే నష్టం. చాలా రాళ్లు కాల్షియం ఆక్సలేట్‌వే కాబట్టి కాల్షియం తగ్గిస్తే రాళ్లు తగ్గుతాయని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ భోజనంలో కాల్షియం ఉంటే అది పేగుల్లోనే ఆక్సలేట్‌ను పట్టుకుని మలంతో బయటికి పంపేస్తుంది, కాల్షియం లేకపోతే ఆ ఆక్సలేట్ రక్తంలోకి, అక్కడి నుంచి కిడ్నీలోకి చేరుతుంది. 2002లో ఇటలీ డాక్టర్లు పదే పదే రాళ్లొచ్చే 120 మంది మగవాళ్లని రెండు జట్లు చేసి అయిదేళ్లు చూశారు. కాల్షియం బాగా తగ్గించిన 60 మందిలో 23 మందికి రాళ్లు మళ్లీ వచ్చాయి. కాల్షియం మామూలుగా ఉంచి ఉప్పు, మాంసం తగ్గించిన 60 మందిలో 12 మందికే వచ్చాయి. కాబట్టి పెరుగు భోజనంతో పాటు తినండి, నీళ్లు బాగా తాగండి, ఉప్పు తగ్గించండి. భోజనం లేని వేళ మింగే మాత్రలతోనే జాగ్రత్త. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు మాత్రం ఈ సలహాలేవీ వర్తించవు, వాళ్ల కాల్షియం, ఫాస్ఫరస్ లెక్క డాక్టరే చూడాలి.

ఏ వయసులో అశ్రద్ధ పనికిరాదు

పదేళ్ల నుంచి పద్దెనిమిది దాకా. అమ్మాయిల్లో 18కి, అబ్బాయిల్లో 20కి జీవితం మొత్తం మీద సంపాదించుకునే ఎముకలో దాదాపు 90 శాతం తయారైపోతుంది, 30 దాటాక ఇక పెరగదు. సరిగ్గా ఆ వయసులోనే పిల్లలు పాలు మానేసి కూల్‌డ్రింకులకు మళ్లుతారు. అమ్మానాన్నలు తమ మోకాళ్ల కోసం పెట్టే శ్రద్ధలో సగం ఇక్కడ పెడితే బాగుండును. అలాగని ఏడాది నిండని బిడ్డకు ఆవు పాలు ప్రధాన ఆహారం చేయకూడదు, రక్తహీనత వస్తుంది.

గర్భంలో బిడ్డ దాదాపు 30 గ్రాముల కాల్షియం తీసుకుంటుంది, ఎక్కువ చివరి మూడు నెలల్లోనే. తల్లి పేగులు అప్పుడు పీల్చుకునే శక్తిని రెట్టింపు చేసుకుంటాయి, అందుకే రోజువారీ అవసరం అంకెలో పెరగదు. కానీ తిండిలోనే కాల్షియం బాగా తక్కువగా ఉన్న జనాల్లో గర్భిణులకు రోజుకు 1.5 నుంచి 2 గ్రాములు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, బీపీ పెరిగి ప్రాణం మీదకు తెచ్చే ప్రీ ఎక్లాంప్సియా ముప్పు దానితో తగ్గుతుంది. డాక్టర్ రాసిస్తే మానకండి. పాలిచ్చే రోజుల్లో తల్లి ఎముక కొంత తగ్గుతుంది, పాలు మాన్పించాక తిరిగి కోలుకుంటుంది.

నెలసరి ఆగిపోయాక మొదటి అయిదారేళ్లు ఎముక వేగంగా తరిగిపోతుంది, కొందరిలో 20 శాతం దాకా. ఈస్ట్రోజెన్ తగ్గడం వల్ల జరిగేదాన్ని కాల్షియం ఒక్కటే ఆపలేదు. 65 దాటిన ఆడవాళ్లు, ఇంట్లో తుంటి విరిగిన చరిత్ర ఉన్నవాళ్లు, నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడినవాళ్లు ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ చేయించుకోవాలి. అందులో టి స్కోర్ మైనస్ 1 నుంచి మైనస్ 2.5 మధ్య ఉంటే ఎముక పలచబడుతున్నట్టు, మైనస్ 2.5 లేదా అంతకన్నా కిందికి ఉంటే ఆస్టియోపోరోసిస్.

థైరాయిడ్ ఆపరేషన్ అయిన కొన్ని రోజుల్లో పెదాల చుట్టూ తిమ్మిరి, చేతివేళ్లు కొంకర్లు పోవడం కనిపిస్తే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి, పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతిని కాల్షియం పడిపోతూ ఉండొచ్చు. మామూలుగా రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం వేరు, దానికి చాలాసార్లు కాల్షియం కారణమే కాదు.

ఇంకో మాట. 50 దాటిన మనిషి నిలబడ్డ చోటి నుంచి జారి పడితే మణికట్టు విరిగిందనుకోండి, కట్టు కట్టించుకుని ఇంటికి వచ్చేయడమే చాలామంది చేసేది. అంత చిన్న పాటుకు గట్టి ఎముక మామూలుగా విరగదు. కట్టు విప్పించుకోవడానికి వెళ్లిన రోజున డెక్సా స్కాన్ రాయమని, విటమిన్ డి, పి.టి.హెచ్. చూడమని నోరు తెరిచి అడగండి. మీరు రాసుకున్న తిండి లెక్క, వాడుతున్న మందుల పేర్లు వెంట తీసుకెళ్లండి.